నేరం లేని ఋణం

నైజీరియా ఉత్తరాన బౌచీ పట్టణం నుంచి పడమరగా జోస్ వైపు పోయే దారిలో జరండా కొండ ఉంది. ఆ కొండ చుట్టుపక్కలా, దానికి దక్షిణంగా ఉన్న గుట్టల నడుమా పోల్చి, జుల్, దిర్, బులి, లురి వంటి పేర్లున్న పలుకుబడులు ఊరికొకటిగా బతుకుతూ వచ్చాయి. ఇవి వేర్వేరు భాషలా, ఒకే భాషకున్న యాసలా అన్నది పండితులకే తెగని ప్రశ్న. అందుకే వీటిని విడివిడిగా కాక మాండలికాల గుంపుగా లెక్కిస్తారు. జపాను పండితుడు కియోషి షిమిజు 1978లో ఈ దక్షిణ బౌచీ భాషల మీద సర్వే నివేదిక వెలువరించాడు. తర్వాత ఫ్రాన్సు భాషావేత్త బెర్నార్డ్ కారోన్ ఇదే ప్రాంతంలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1970ల లెక్కల్లో లురి మాట్లాడేవాళ్ళు ముప్పై మంది. 2000ల మొదటి ఏళ్ళకు కారోన్ లెక్కకు దొరికింది ఇద్దరు. మిగతా పలుకుబడులకు ఇంకా వేలల్లో, వందల్లో జనం ఉన్నారు కానీ పిల్లలు ఆడుకునే భాష, బజారు భాష, బడి భాష, మసీదు భాష, చర్చి భాష అన్నీ హౌసాయే.

ఈ కథలో ముందుగా పట్టించుకోవలసిన విషయం చుట్టరికం. చాద్ సరస్సుకు నలువైపులా నైజీరియా, నైజర్, కామెరూన్, చాద్ దేశాల్లో పరుచుకున్న నూటయాభైకి పైగా భాషలను కలిపి చాడిక్ శాఖ అంటారు. అరబ్బీ, హీబ్రూ, అమ్హారిక్, సోమాలీ, ప్రాచీన ఈజిప్టు భాష ఉన్న ఆఫ్రో ఏసియాటిక్ మహాకుటుంబంలో ఇదొక కొమ్మ. అంటే జరండా కొండ కింద చివరి ఇద్దరి నోట మిగిలిన మాట కొరాను భాషకూ తోరా భాషకూ దూరపు బంధువే. దాన్ని మింగుతున్న హౌసా మరీ దగ్గరి బంధువు. చాడిక్ శాఖలోని పడమటి పాయకే చెందిన భాష అది. కోట్లమంది మాట్లాడే హౌసా ఒక పక్క, చివరి లెక్కకు ఇద్దరే దొరికిన లురి ఇంకో పక్క, రెండూ ఒకే తల్లి పిల్లలు. ఐరోపా నుంచి వచ్చిన పరాయి భాష ఆఫ్రికా భాషల్ని చంపుతోందన్న అలవాటైన కథ ఇక్కడ సగమే నిజం. ఇంగ్లీషు కచేరీల్లోనూ కాలేజీల్లోనూ కూర్చుంది. వంటింట్లోకి, ఉయ్యాల దగ్గరికి వచ్చింది అక్క.

ఇక నా ప్రశ్న. ఒక తల్లి తన బిడ్డతో పోల్చి మానేసి హౌసా మాట్లాడింది. ఆమె చేసింది తెలివైన పని. బిడ్డకు బడి సులువైంది, సంత సులువైంది, బౌచీలోనో కానోలోనో పని దొరికే దారి ఏర్పడింది. ఆ బిడ్డ దేవుణ్ణి హౌసాలో ప్రార్థిస్తే దేవుడికి అర్థం కాకుండా పోదు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, నోరు నొక్కలేదు. ఇలాంటి వెయ్యి తెలివైన నిర్ణయాలు కలిసి ఒక భాషను ముగించాయి. ఏ ఒక్క నిర్ణయంలోనూ తప్పు లేనప్పుడు మొత్తంలో తప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? అన్యాయం జరగలేదంటే ఇక బాధపడటానికి కారణమేమిటి? శాస్త్రానికి నష్టమని భాషావేత్తలు అంటారు. సంస్కృతికి నష్టమని సాంస్కృతిక సంస్థలు అంటాయి. రెండూ నిజమే కానీ రెండూ నష్టాన్ని చూసేవాళ్ళ వైపు నుంచి చెప్పే మాటలు. నాకు తోచేది వేరు. ఇక్కడ నేరం లేకపోవచ్చు, అయినా బాకీ ఉంది. ఆ బాకీ ముందుగా పడేది విశ్వమతాల మీద. దేవుడికి అన్ని భాషలూ ఒకటే అని చెప్పేది అవే గనక, ఆ మాటకు వెల చెల్లించవలసిందీ అవే.

అసలు ఆ నిర్ణయాలు ఎంత స్వేచ్ఛగా జరిగాయో ముందు చూడాలి. 1804లో ఫులానీ మతపండితుడు ఉస్మాన్ దాన్ ఫోదియో జిహాదు మొదలుపెట్టాక హౌసా రాజ్యాలు కూలి సొకోటో ఖలీఫా రాజ్యం ఏర్పడింది. అందులోని సంస్థానమైన బౌచీ అమీరత్‌ను నెలకొల్పిన యాకూబు గెరా జాతివాడు, అంటే మరో చిన్న చాడిక్ భాషకు వారసుడు. దాన్ ఫోదియో చేతి జెండా అందుకున్న నాయకుల్లో ఫులానీ కానివాడు ఆయన ఒక్కడే అని చరిత్రకారులు చెబుతారు. ఆ అమీరత్‌లలో ముస్లిములు కాని కొండజాతుల మీద బానిసల కోసం దాడులు జరిగేవి. ముస్లిమును బానిసగా పట్టకూడదన్నది ధర్మశాస్త్రం గనక, మతం మారడం అంటే ఒక విధంగా మెడకు తాడు పడకుండా చూసుకోవడం. హౌసా వాడిలా బట్ట కట్టి హౌసా మాట్లాడటం ఆ రక్షణకు పైకి కనిపించే గుర్తు. 1903లో బ్రిటిషువాళ్ళు సొకోటోను గెలిచాక పరోక్ష పాలన పేరుతో ఆ అమీర్లనే పాలకులుగా ఉంచారు, ముస్లిములు కాని గుట్టల ప్రజల్ని కూడా వాళ్ళ కిందే పెట్టారు. కోర్టూ పన్నూ హౌసాలో నడిచాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1960లలో ఉత్తర ప్రాంత ప్రధాని అహ్మదు బెల్లో తానే ఊరూరా తిరిగి మతమార్పిడి ప్రచారం చేశాడు. కాబట్టి నేటి తల్లి నిర్ణయం వెనుక నూట యాభై ఏళ్ళ భయం ఉంది. భయం పోయింది, భయం నేర్పిన అలవాటు మిగిలింది.

అయినా దీన్ని బలవంతం కథగా మాత్రమే చెప్పి ఊరుకోలేను, చరిత్ర ఒప్పుకోదు. జిహాదు నడిపిన ఫులానీల భాష ఫుల్‌ఫుల్దే. గెలిచినవాళ్ళ వంశాలే కానో, జారియా వంటి చోట్ల కొద్ది తరాల్లో ఓడినవాళ్ళ భాషైన హౌసాలోకి మారిపోయాయి. దాన్ ఫోదియో కూతురు నానా అస్మావు అరబ్బీలో, ఫుల్‌ఫుల్దేలో పద్యాలు రాసే విదుషీమణి. సామాన్య స్త్రీలకు మతం బోధించవలసి వచ్చేసరికి హౌసాలో రాసింది. అంటే అధికారం ఎటుంటే భాష అటే పోతుందన్న సూత్రం ఇక్కడ పనిచేయలేదు. ఎక్కువమందికి అందే భాషలో సత్యం చెప్పాలన్న మంచి ఉద్దేశమే హౌసాకు బలమైంది. ఈ విషయం నన్ను నిలబెట్టేస్తుంది. చెడ్డవాళ్ళు లేకుండానే చెడు జరగడం ఎలాగో అర్థం చేసుకోవాలంటే ఇక్కడే వెతకాలి.

గాంబియాలో పుట్టి అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో బోధించిన లామిన్ సానె 1989లో ఒక ప్రసిద్ధ వాదం ముందుకు తెచ్చాడు. క్రైస్తవం మొదటి నుంచీ అనువాదం మీద నిలిచిన మతం గనక మిషనరీల బైబిలు అనువాదాలు ఆఫ్రికా మాతృభాషలకు ఊపిరి పోశాయనీ, కొరాను అరబ్బీలోనే కొరాను గనక ఇస్లాం ఆ పని చేయలేదనీ దాని సారం. ఆఫ్రికాలో చాలా చోట్ల ఇది నిజం. జోస్ పీఠభూమి మీద మ్వఘవుల్ వంటి పెద్ద చాడిక్ భాషలకు కొత్త నిబంధన దక్కింది. దక్షిణ బౌచీ గుట్టల్లో మాత్రం ఈ గీత చెరిగిపోతుంది. మిషనరీ వాల్టర్ మిల్లర్ పూనికతో 1932లో పూర్తి హౌసా బైబిలు వచ్చాక ఉత్తర నైజీరియా మిషన్ చర్చిలకు అదే పుస్తకం, అదే పాట, అదే ప్రసంగ భాష అయింది. ఇరవై రకాల భాషలవాళ్ళు ఒక చర్చిలో కూర్చున్నప్పుడు హౌసా అందరికీ సమానమైన భాషగా తోచింది. ఇటు ఇస్లాం పండితుడు అబూబకర్ గుమి 1970ల చివర కొరాను అర్థాన్ని హౌసాలో వెలువరించాడు. ఊళ్ళో కొరాను వ్యాఖ్యానం అంతకు ముందు నుంచీ హౌసాలోనే నడిచేది. రెండు మతాల మధ్య బౌచీ గడ్డ మీద రక్తం పారిన రోజులున్నాయి. తఫావా బలేవా పట్టణం చుట్టూ 1991 నుంచి జరిగిన ఘర్షణలు ఆ ప్రాంతపు గాయం. కానీ పోల్చి మాట్లాడే కుర్రాడు ఆ రెండింట్లో ఏ తలుపు తట్టినా లోపలినుంచి పలికింది ఒకే భాష. అనువదించే మతం, అనువదించని మతం అన్న తేడా ఆ కుర్రాడికి ఏ మేలూ చేయలేదు.

దీనికి భక్తుడు చెప్పే జవాబు తేలికగా తోసేయదగ్గది కాదు. దేవుడు మాట వినడు, మనసు వింటాడు. లురిలో పిలిచినా హౌసాలో పిలిచినా పలికేవాడు ఒక్కడే. అలాంటప్పుడు భాష పోవడం మతానికి సంబంధించిన నష్టమే కాదు, అది లోకవ్యవహారం. మన దేశంలో కూడా ఈ తగవు పాతదే. మంత్రంలో అక్షరం మారితే ఫలం పోతుందని మీమాంసకులు అన్నారు, భావం చాలునని భక్తులు అన్నారు. భక్తుల పక్షమే మనలో చాలామందికి మనసుకు దగ్గర. కానీ ఈ రెండు పక్షాలూ ఆలోచించింది వినేవాడి గురించే. వినేవాడికి లోటు లేదని ఇద్దరిలో ఒకరు నిరూపించినా పలికేవాడి లోటు సంగతి తేలదు. దేవుడికి అన్ని భాషలూ వచ్చు, నిజమే. మనిషికి రావు. మనిషికి తన భయాన్ని, తన పశ్చాత్తాపాన్ని, తల్లి శవం ముందు తన మాటను వెతుక్కోవడానికి ఒకటో రెండో భాషలే ఉంటాయి. ఆ మాటల్ని తాతలు వాడి నునుపు చేసి ఇచ్చి ఉంటారు. కొత్త భాషలో ఆ నునుపు రావడానికి తరాలు పడుతుంది. వస్తుంది కూడా, కాదనను. మధ్యలో ఉన్న తరం మాత్రం రెంటికీ చెడి తడబడుతుంది. సర్వజ్ఞుడైన దేవుడు ఆ తడబాటును క్షమిస్తాడు గనక అది జరగనే లేదని అనలేం.

పైగా భాషల సంగతి మతానికి సంబంధం లేనిదైతే మతాలు తమకు కావలసిన భాషల్ని అంత పట్టుగా ఎందుకు కాపాడుకున్నాయి? ఆఫ్రో ఏసియాటిక్ కుటుంబంలోనే చూడండి. ఈజిప్టు ఫారోల భాష చివరి రూపమైన కోప్టిక్ ఇళ్ళలో మూగబోయి శతాబ్దాలైంది, చర్చి పూజలో నేటికీ వినిపిస్తుంది. ఇతియోపియాలో గీజ్ సంగతీ అంతే. వాడుకలోంచి దాదాపు రెండువేల ఏళ్ళు తప్పుకున్న హీబ్రూ ప్రార్థనల్లో, చదువుల్లో నిలిచి ఉండబట్టే మళ్ళీ పిల్లల నోటికెక్కగలిగింది. అరబ్బీ వ్యాకరణశాస్త్రం చాలావరకు కొరాను పఠనాన్ని తప్పుల నుంచి కాపాడాలన్న తపనతో పెరిగింది. ఒక్క భాషాకుటుంబంలోనే మతం చేతులడ్డుపెట్టి కాపాడిన దీపాలు ఇన్ని ఉన్నాయి. కాబట్టి మతానికి ఆ శక్తి లేదనడం కుదరదు. శక్తి ఉంది, దాన్ని ఎవరికి వాడాలో ఎంచుకుంది. పోల్చికీ లురికీ ఆ చెయ్యి అందలేదు. వాటిలో గ్రంథం లేదు గనక అందలేదంటే, గ్రంథం రాయగలిగినవాళ్ళు వాటి దగ్గరికి వచ్చినప్పుడు హౌసా పుస్తకం చేతబట్టుకుని వచ్చారు గనక అని కూడా ఒప్పుకోవాలి.

ఆ మతాల గ్రంథాలే ఈ విషయంలో వాటికి ఎదురుసాక్ష్యం. కొరాను 30వ అధ్యాయం 22వ వాక్యం మనుషుల భాషల్లోనూ రంగుల్లోనూ ఉన్న తేడాను భూమ్యాకాశాల సృష్టి పక్కనే పెట్టి దైవసూచనల్లో ఒకటిగా చెబుతుంది. బైబిలులో భాషల చీలిక శిక్షగా వచ్చిందని బాబెలు గోపురం కథ చూపి అంటారు. ఆ కథ ఆదికాండం 11వ అధ్యాయంలో ఉంది. దానికి ముందరి అధ్యాయమే నోవహు సంతతి తమ తమ దేశాల్లో, తమ తమ భాషలతో విస్తరించిందని ఏ శిక్షా ప్రస్తావన లేకుండా చెప్పేసింది. అపొస్తలుల కార్యాల్లో పెంతెకొస్తు నాడు జనమంతా ఒక భాషలోకి రాలేదు, ఎవరి భాషలో వాళ్ళు విన్నారు. తేడాను దేవుడి సూచన అన్న మతం, ఆ సూచనల్లో ఒకటి తన గుమ్మంలోనే చెరిగిపోతుంటే లోకవ్యవహారం అని పక్కకు తప్పుకోవడానికి వీల్లేదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం భాషావేత్తల్లోంచే వచ్చింది. 1992లో అమెరికాలో వెలువడే ‘లాంగ్వేజ్’ పత్రికలో మైకేల్ క్రౌస్ తదితరులు భాషల మరణం గురించి హెచ్చరిక చేసినప్పుడు, ధ్వనిశాస్త్రంలో దిగ్గజమైన పీటర్ లాడెఫోగెడ్ అదే పత్రికలో వేరే గొంతు వినిపించాడు. కెన్యాలో దహాలో అనే భాష ఉంది. అదీ ఆఫ్రో ఏసియాటిక్ కుటుంబానిదే, చివరి దశలో ఉన్నదే. దాన్ని మాట్లాడే ఒకాయన తన కొడుకులకు స్వాహిలీ మాత్రమే వచ్చని చెబుతూ బాధపడలేదు, వాళ్ళు బడికి పోతున్నందుకు గర్వపడ్డాడు. ఆయన తప్పు చేశాడని చెప్పడానికి నేనెవర్ని అన్నది లాడెఫోగెడ్ ప్రశ్న. మరుసటి ఏడు నాన్సీ డోరియన్ జవాబిచ్చింది. స్కాట్లాండు జాలరి పల్లెల్లో గేలిక్ భాష అంతరించడాన్ని ఏళ్ళ తరబడి దగ్గరగా చూసిన మనిషి ఆమె. తల్లిదండ్రులు వదిలేసిన భాషను ఎందుకు వదిలారని మనవల తరం అడిగే రోజు వస్తుందని ఆమె గుర్తు చేసింది. ఆమె మాట నిజమే కానీ లాడెఫోగెడ్ ప్రశ్నకు అది పూర్తి జవాబు కాదు. ఆ తండ్రి తప్పు చేయలేదు. జవాబు అక్కణ్ణుంచే మొదలవ్వాలి.

ఆధునిక చర్చ ఇక్కడ ఇరుక్కుపోవడానికి కారణం అది హక్కుల భాషలో నడవడం. ఎవరి హక్కు పోయింది, దాన్ని ఎవరు హరించారు అని అడుగుతుంది. హరించినవాడు దొరక్కపోతే కేసు కొట్టేస్తుంది. మన ప్రాచీన ఆలోచనలో దీనికి మరో దారి ఉంది. తైత్తిరీయ సంహిత మనిషి మూడు ఋణాలతో పుడతాడంటుంది. ఋషులకు, దేవతలకు, పితరులకు. అక్కడ ఆ మాట బ్రాహ్మణుణ్ణి ఉద్దేశించింది. శతపథ బ్రాహ్మణం దాన్ని లోకంలో ఉన్న ప్రతివాడికీ వర్తింపజేసి, నాలుగోదిగా తోటి మనుషుల ఋణాన్ని చేర్చింది. ఋషి ఋణం చదువుతో తీరుతుంది, మనుషుల ఋణం అన్నమూ ఆశ్రయమూ ఇవ్వడంతో తీరుతుంది. ఈ ఊహలో నాకు అన్నిటికంటే విలువైనది ఒకటే. పుట్టిన శిశువు ఏ నేరమూ చేయలేదు, అయినా బాకీ పడి ఉంది. పొందినందుకు బాకీ. ఎవరో ఇచ్చిన దాని మీద నిలబడి బతుకుతున్నందుకు బాకీ. నేరానికీ ఋణానికీ ఉన్న ఈ తేడా పట్టుకుంటే దహాలో తండ్రినీ పోల్చి తల్లినీ బోనులో నిలబెట్టనక్కర లేదు. వాళ్ళు నేరస్థులు కారు. వాళ్ళు ఇచ్చినవాళ్ళు. పుచ్చుకున్నవాళ్ళు వేరే ఉన్నారు. హౌసాకు మాట్లాడేవాళ్ళు పెరిగారు, మసీదుకూ చర్చికీ జనం పెరిగారు, నైజీరియా రాజ్యానికి సులువుగా పాలించదగిన పౌరులు దొరికారు. 1999 రాజ్యాంగం 55వ విభాగం జాతీయ శాసనసభలో ఇంగ్లీషుతోపాటు హౌసా, ఇగ్బో, యొరుబాలకు చోటిచ్చింది. అయిదు వందలకు పైగా భాషలున్న దేశంలో మూడింటికి ఆ గౌరవం దక్కిందంటే దాని భారం మోసినవి మిగతావి.

బాకీ అంటే అప్పిచ్చినవాడు ఒకడుండాలి కదా, భాష మనిషి కాదు, దానికి ఎలా బాకీ పడతాం అని అడగవచ్చు. ఋణత్రయంలోనే సమాధానం ఉంది. ఋషులు వసూలుకు రారు. చనిపోయిన పితరులు తిరిగి తీసుకోలేరు. అందుకే ఆ బాకీ వెనక్కి కాక ముందుకు చెల్లుతుంది. ఋషి ఋణం శిష్యుడి ద్వారా, పితృ ఋణం బిడ్డ ద్వారా. లురికి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. కానీ జరండా చుట్టూ ఇంకా బతికున్న పలుకుబడుల పిల్లలున్నారు, చెల్లించవలసింది వాళ్ళకు.

భాషలు పుట్టడం చావడం సహజం కదా అన్నది అందరూ చెప్పే మాట. ఔను, సహజమే. బౌచీ పట్టణానికి ఉత్తరాన ఔయొ, తెషెనా, షిరా అనే ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళ పేరుతోనే పిలిచే చాడిక్ భాషలు ఒకప్పుడు అక్కడ ఉండేవి. ఇప్పుడు పేర్లు మిగిలాయి, భాషలు లేవు. తెషెనా భాషకు మిగిలిన ఆనవాలు ఒక చిన్న మాటల పట్టిక. మనిషి చావు కూడా సహజమే. ఆ కారణంతో మనం ముసలివాళ్ళ సేవ మానలేదు, పోయినవాళ్ళకు తద్దినం పెట్టడం మానలేదు. సహజమైనదాని విషయంలో మనిషికి విధులు లేవనుకుంటే ధర్మశాస్త్రంలో సగం పుటలు ఖాళీ అవుతాయి.

మతమంటే మాటలే కాదు, కర్మకాండ మాట లేకుండానే సాగుతుందని మరొకరు అనవచ్చు. కామెరూన్ సరిహద్దు మందరా కొండల్లో మఫా అనే చాడిక్ ప్రజలున్నారు. దేవుణ్ణీ, చనిపోయిన పెద్దల్నీ మట్టికుండల్లో నిలుపుకుని వాటికి నైవేద్యం పెట్టడం వాళ్ళ సంప్రదాయం. నికొలాస్ డేవిడ్, జూడిత్ స్టెర్నర్ వంటి పురావస్తు పరిశోధకులు 1980ల నుంచి దాని మీద రాశారు. కుండ మీది బుడిపెలు, గీతలు మనిషి ఒంటి మీది అలంకారాన్ని పోలి ఉంటాయని చూపారు. అక్కడ వస్తువుకు అంత బలముంది నిజమే. కానీ ఆ కుండ తాత అయ్యేది ఎవరో దాని ముందు కూర్చుని తాతతో మాట్లాడితేనే. ఆ మాట పోయిన రోజున అది మ్యూజియం అద్దాల వెనక్కి పోవడానికి సిద్ధమైన పాత్ర.

పాత ఆచారాల్లో క్రూరత్వం ఉంది, ఆడవాళ్ళను అణచేవి ఉన్నాయి, మంత్రగత్తె అని ముద్రవేసి వెలేసేవి ఉన్నాయి, వాటిని కాపాడమంటావా అని సంస్కర్త అడుగుతాడు. ఈ ప్రశ్నలో నిజాయితీ ఉంది గనక దీన్ని గౌరవిస్తాను. కానీ ఆచారం వేరు, భాష వేరు. ఏ భాషలో ఆచారం నడుస్తుందో ఆ భాషలోనే దాన్ని ఎదిరించిన కోడలు తిట్టింది, ఒప్పుకోని కొడుకు వాదించాడు. ఎదురు చెప్పే మాటలు కూడా అందులోనే తయారయ్యాయి. హౌసాలోకి మారితే పాత క్రూరత్వం దానంతటది పోదు, కొత్త భాషలో కొత్త పేరు పెట్టుకుంటుంది. పోయేది దాన్ని ఎదిరించిన ఇంటి మనిషి వాదన.

నిఘంటువులు, వ్యాకరణాలు రాసి పెట్టాం కదా, బాకీ తీరలేదా? ఈ ప్రశ్న పండితుల తరఫున నేనే అడుగుతున్నాను. రసెల్ షూ యోబె ప్రాంతపు బాదె, ఎన్‌గిజిమ్ వంటి చాడిక్ భాషల మీద దశాబ్దాలు పనిచేసి 2016లో మరణించాడు. 1981లో ఎన్‌గిజిమ్ నిఘంటువు ప్రచురించాడు. స్థానికులతో కలిసి వాళ్ళ చేతికే అందే పుస్తకాలు రావడానికి తోడ్పడ్డాడు. ఋషి ఋణం అధ్యయనంతో తీరుతుందంటే ఇలాంటివాళ్ళు తమ వంతు తీర్చినట్టే. వాళ్ళ వంతు తీరినంత మాత్రాన మిగతావాళ్ళది మాఫీ కాదు. పండితుడు పుచ్చుకున్నది సమాచారం, సమాచారంగానే తిరిగిచ్చాడు. చర్చి, మసీదు, బడి పుచ్చుకున్నది మనుషుల్ని. వాళ్ళు తిరిగి ఇవ్వవలసింది మాట్లాడే చోటు.

ఈ వ్యాసం తెలుగులో చదివేవాళ్ళు తమను పోల్చి పక్షాన ఊహించుకునే అవకాశం ఎక్కువ, ఇంగ్లీషు ముందు మన గోడు మనకుంది గనక. కానీ ఈ చిత్రంలో మన చోటు హౌసాది కూడా. అరకు లోయ చుట్టూ, విజయనగరం కొండల్లో కొండదొరల భాష కొండ లేదా కూబి ఉంది. తెలుగున్న దక్షిణ మధ్య ద్రావిడ శాఖకే చెందినది. భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో దాని మీద సమగ్ర గ్రంథం రాశారు. కొండదొరల్లో అత్యధికులు ఇప్పటికే తెలుగులోకి మారిపోయారు. వాళ్ళను ఎవరూ కొట్టి మార్చలేదు. బడి, సంత, గుడి తెలుగులో ఉన్నాయి, అంతే. ఇది కూడా అక్క చెల్లెల్ని మింగిన కథే. గిడుగు రామమూర్తి తెలుగువాడై ఉండి తన భాషకు చుట్టమైనా కాని సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం పాఠాలు తయారుచేసి, 1931లో ఆ భాష మీద పెద్ద గ్రంథం వెలువరించారు. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. వేదికల మీద వ్యావహారికం గురించి మాట్లాడతాం. సవర సంగతి ఒక వాక్యంలో ముగిస్తాం. ఋణం తీర్చడమంటే ఏమిటో చేసి చూపిన ఆ సగం గిడుగును మనం పక్కన పెట్టేశాం అని నా అభిప్రాయం.

ఇక బౌచీలో చెల్లింపు ఎలా ఉండాలి? పోల్చి పిల్లలకు హౌసా వద్దని ఎవరూ అనకూడదు, అనే హక్కు ఎవరికీ లేదు. ఆ ప్రాంతంలో మనిషి రెండు మూడు భాషలతో బతకడం ఎప్పుడూ ఉన్నదే. సంతకొక భాష, ఇంటికొకటి. ఒకటి రావాలంటే ఇంకొకటి పోవాలన్నది ఈమధ్య వచ్చిన భ్రమ. నైజీరియా 1977 విద్యావిధానం తొలి తరగతుల్లో మాతృభాషలో గానీ పరిసరాల భాషలో గానీ చదువు చెప్పమంది. ఆ ‘గానీ’ సందులోంచి ఉత్తరాన చాలా బడుల్లోకి హౌసా వచ్చి కూర్చుంది. దాన్ని సరిచేయడం ప్రభుత్వం పని. మతపెద్దల పని అంతకంటే తేలిక. శుక్రవారం హౌసా వ్యాఖ్యానం అయ్యాక అదే విషయం ఊరి పెద్ద ఒకాయన ఊరి మాటలో చెప్పడానికి ఏ శాస్త్రమూ అడ్డు రాదు. ఆదివారం హౌసా పాటల మధ్య పోల్చిలో ఒక ప్రార్థన, అంత్యక్రియల్లో చనిపోయిన ముసలమ్మ భాషలో నాలుగు మాటలు, పేరు పెట్టే వేడుకలో అమ్మమ్మ దీవెన ఆమె నోటితోనే. వీటికి డబ్బు అక్కర్లేదు, కొత్త సిద్ధాంతమూ అక్కర్లేదు. తమ దేవుడికి ఆ భాష వచ్చని ఇమామూ పాస్టరూ ఇద్దరూ ఇప్పటికే నమ్ముతున్నారు. ఆ నమ్మకాన్ని పిల్లల ఎదుట బయటికి పలకడమే మిగిలింది. ఆ పలుకు నేర్పగల పెద్దవాళ్ళు జుల్‌లో, పోల్చిలో ఇంకా ఉన్నారు. లురి విషయంలో ఆ వీలు మన కాలంలోనే చేజారింది.